పెరట్లో కంద: గొయ్యి నుంచి కత్తిపీట దాకా

కంద వేస్తున్నానని చెబితే అందరూ అడిగే మొదటి ప్రశ్న "దురద పెట్టదా?" అని. రెండోది "ఎన్నాళ్ళకు చేతికొస్తుంది?" అని. రెండింటికీ జవాబు చెబుతాను గానీ, అంతకన్నా ముందు ఒక మాట. పెరట్లో ఇంత తక్కువ చాకిరీ అడిగే పంట నాకు మరొకటి తెలియదు. వంకాయకు పురుగు చూడాలి, టమాటాకు కర్ర పాతాలి, బీరకు పందిరి వెయ్యాలి. కందకు ఒక గొయ్యి, ఒక గంప ఎరువు, ఎనిమిది నెలల గడువు ఇస్తే చాలు. అయితే ఆ ఎనిమిది నెలల్లో రెండు రోజులు మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి విత్తనం కోసే రోజు, రెండోది మొదటి పెద్ద వాన పడే రోజు. నేను ఇన్నేళ్ళలో పోగొట్టుకున్న కందంతా ఆ రెండు రోజుల్లో పోగొట్టుకున్నదే.

గోదావరి జిల్లాల వాళ్ళకు కంద గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. కోనసీమలో కొబ్బరి చెట్ల మధ్య అంతరపంటగా వేస్తారు. గుంటూరు వైపు దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతంలో పసుపుతో పాటు కందా పేరున్న పంటే. ఈ వ్యాసం వాళ్ళకోసం కాదు. ఇంటి వెనక పది అడుగుల జాగా ఉండి, అరటి చెట్టు పక్కన ఏం వేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్ళకోసం, మేడ మీద రెండు పెద్ద తొట్లు ఖాళీగా ఉన్నవాళ్ళకోసం.

ముందు ఇది ఎలా పెరుగుతుందో చూడండి

ఈ సంగతి తెలిస్తే తరువాత చెప్పబోయే పనులన్నీ ఎందుకో మీకే అర్థమవుతాయి. తెలియకపోతే అన్నీ ఎవరో పెట్టిన నియమాల్లా కనిపిస్తాయి.

కంద మొక్కలో మనం కాండం అనుకునేది కాండం కాదు, ఆకు కాడ. నేలలోంచి నిటారుగా మూడు నాలుగు అడుగులు లేచి, పైన గొడుగులా విచ్చుకునే ఆ మొత్తం ఒకే ఒక్క ఆకు. అసలు కాండం నేలలో ఉంది, అదే మనం తినే దుంప. ఒక దుంపకు ఒక ఆకు, కొన్నాళ్ళకు దాని పక్కనుంచి ఇంకో ఆకు, అప్పటికి పాతది పసుపు తిరగడం. ఏడాదంతా ఇంతే. కొమ్మలు లేవు, కత్తిరింపులు లేవు. దానికి అర్థం ఇంకొకటి కూడా ఉంది. ఆ ఒక్క ఆకు విరిగితే దుంపకు అన్నం పెట్టే చెయ్యి విరిగినట్టే. అందుకే పెరట్లో పిల్లలు బంతాట ఆడే మూల కందకు పనికిరాదు.

ఇంకా విచిత్రం నేల కింద జరుగుతుంది. మనం నాటిన ముక్క పెరిగి పెద్దదవుతుందని అందరూ అనుకుంటారు. అలా జరగదు. మొలక వచ్చాక ఆ మొలక అడుగున, పాత ముక్క నెత్తి మీద, కొత్త దుంప కడుతుంది. పాత ముక్క తనలో ఉన్నదంతా దానికిచ్చి, ముడుచుకుపోయి, చివరకు తోలులా మిగులుతుంది. మధ్యలో ఒకసారి మట్టి తీసి చూస్తే పెద్ద గిన్నె కింద నలిగిన తోలు సంచి పెట్టినట్టు ఉంటుంది. వేళ్ళు కూడా కింద నుంచి రావు. మొలక మొదట్లోనుంచి, అంటే దుంప పైభాగం నుంచి పుట్టి, నేల పైపొరలో నాలుగు వైపులా అడ్డంగా పరుచుకుంటాయి.

దీన్నిబట్టి మూడు సంగతులు. కొత్త దుంప పైకి కడుతుంది కాబట్టి ముక్క మీద మట్టి మందం మరీ ఎక్కువ అక్కరలేదు గానీ, తరువాత మొదట్లోకి మట్టి ఎగదొయ్యాలి. వేళ్ళు పైపొరలోనే ఉంటాయి కాబట్టి మొక్క చుట్టూ పారతో లోతుగా తవ్వకూడదు. ఎరువు కూడా మొక్కకు ఆనించి కాకుండా ఒక జానెడు దూరంలో చుట్టూ వెయ్యాలి.

ఎప్పుడు

నీటి వసతి ఉంటే ఏప్రిల్, మే నెలల్లో నాటవచ్చు. వాన మీద ఆధారపడితే రోహిణి కార్తె చివర, మృగశిర ప్రవేశించేలోపు నాటండి. నాటిన తరువాత మొలక పైకి రావడానికి నెల, నెలన్నర పడుతుంది. అంటే మే చివర నాటితే జూలై మొదట్లో ఆకు గొడుగు విప్పుతుంది, అప్పటికి వానలు నిలదొక్కుకుంటాయి. తవ్వకం జనవరి, ఫిబ్రవరిల్లో. రెండో ప్రశ్నకు ఇదీ జవాబు: ఎనిమిది నెలలు, తొందర పడకపోతే తొమ్మిది.

విత్తనం

ముందుగా రకం. గజేంద్ర అనే రకం అడగండి. తూర్పు గోదావరి జిల్లా కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎంపిక ఇది, ఇప్పుడు దేశమంతా వేస్తున్నారు. దురద చాలా తక్కువ, దుంప నున్నగా గుండ్రంగా ఉంటుంది, పక్కన పిల్ల దుంపలు దాదాపు పుట్టవు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన శ్రీ పద్మ కూడా మంచిదే గానీ మన దగ్గర గజేంద్రే సులువుగా దొరుకుతుంది.

విత్తనం కోసం ఎక్కడికో వెళ్ళనక్కరలేదు. కూరగాయల బజారులో అమ్మే కందే విత్తనం. కాకపోతే ముక్కగా కోసి అమ్మేది కాకుండా మొత్తం దుంప కొనండి. మీద గాయాలు ఉండకూడదు, బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగకూడదు, తెల్లటి పిండి అంటుకున్నట్టు ఉండకూడదు. ఆ పిండి పిండినల్లి అనే పురుగు. దుంప నెత్తిన గుంటలో లేత గులాబీ రంగు మొలక కనిపిస్తుంటే ఇంకా మంచిది, నిద్ర లేచిన దుంప అన్నమాట. కంద తవ్విన తరువాత రెండు మూడు నెలలు నిద్రపోతుంది. సంక్రాంతికి తవ్విన దుంపను ఫిబ్రవరిలో నాటి మొలవలేదని తిట్టుకోవద్దు.

పొలాల గట్ల మీద, తుప్పల్లో పెరిగే అడవి కందను తెచ్చి వెయ్యకండి. కాడ పట్టుకుంటే తెలిసిపోతుంది. తోట కంద కాడ నున్నగా ఉంటుంది, అడవిదాని కాడ చిన్న చిన్న పొక్కులతో గరుకుగా ఉంటుంది. దాని దురదను భరించడం ఎవరి తరమూ కాదు. నేనొకసారి ఒక సంతలో చవగ్గా వచ్చిందని తెచ్చిన కంద ఇదే బాపతు. ఆ ఏడు మా ఇంట్లో కంద పేరెత్తితే అందరూ గొంతు పట్టుకునేవారు.

కోసే రోజు

మొదటి రోజు ఇదే. ఇంత వివరంగా చెబుతున్నది నేను చేసిన తప్పు మీరు చెయ్యకూడదని.

దుంపను వసారాలో బోర్లించకుండా, నెత్తి పైకి ఉండేలా పెట్టండి. మధ్యలో చిన్న గుంట, దాని చుట్టూ వలయంలా ఒక మచ్చ కనిపిస్తాయి. పోయినేడు ఆకు కాడ ఊడిపోయిన చోటు అది. మొలకెత్తే శక్తి అంతా ఆ గుంటలోను, ఆ వలయం అంచున ఉంటుంది. కోసేటప్పుడు ప్రతి ముక్కకూ ఆ వలయంలో కొంత వాటా రావాలి. పుచ్చకాయను నిలువుగా చీల్చినట్టు నెత్తి మధ్యనుంచి అడుగు దాకా కోయాలి. రెండు కిలోల దుంప నాలుగు ముక్కలవుతుంది, ముక్క అరకిలో.

మొదటి ఏడాది నేనేం చేశానంటే, కూరకు కోసినట్టు అడ్డంగా చక్రాల్లా కోశాను. పై చక్రం ఒక్కటే మొలిచింది. కింది చక్రాలు రెండు నెలలు మట్టిలో ఉండి, ఒకటి కుళ్ళిపోయింది, మరొకటి ఆగస్టులో సన్నటి పుల్లలాంటి మొలక తోసి, డిసెంబరుకు నిమ్మకాయంత దుంప ఇచ్చింది.

ముక్క అరకిలో నుంచి కిలో దాకా ఉండవచ్చు. ముక్క ఎంత పెద్దదైతే వచ్చే దుంప అంత పెద్దది. అరకిలో ముక్కకు రెండు నుంచి మూడు కిలోల దుంప వస్తే బాగా పండినట్టే. మార్కెట్టుకు వెయ్యని మనలాంటివాళ్ళకు ఐదు కిలోల దుంప ఒక ఇబ్బంది కూడా, కోశాక వారం రోజులు అదే కూర. చిన్న కుటుంబమైతే వంద గ్రాముల ముక్కలు చేసి, రెండడుగుల దూరంలో నాటండి. ఒక్కొక్కటి అరకిలో అటూ ఇటూగా వస్తాయి, రెండు పూటల కూరకు సరిపోతాయి. కోయకుండా నాటగలిగే చిన్న మొత్తం దుంపలు దొరికితే మాత్రం వాటిని వదలకండి. అవి త్వరగా, అన్నీ ఒకేసారి మొలుస్తాయి, కోసిన గాయం లేదు కాబట్టి కుళ్ళు భయమూ తక్కువ.

కోసిన వెంటనే నాటకూడదు. బకెట్లో పచ్చి పేడను చిక్కగా, అట్ల పిండిలా కలపండి. కిలో విత్తనానికి 5 గ్రాముల లెక్కన ట్రైకోడెర్మా పొడి అందులో వెయ్యండి. వ్యవసాయ మందుల దుకాణాల్లో దొరుకుతుంది, ఇది మంచి శిలీంద్రం, కుళ్ళు తెచ్చే శిలీంద్రాన్ని తినేస్తుంది. ముక్కలను ముంచి తీసి, గోనె సంచి మీద నీడలో ఒకరోజు ఆరనివ్వండి. కోసిన ముఖం మీద పేడ పొర ఎండి, పెచ్చు కట్టాలి. ఎండలో పెడితే ముక్క వాడిపోతుంది, నీడే ముఖ్యం.

చేతులకు కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ రాసుకుని ఈ పనికి కూర్చోండి. తడి చేతులతో ముట్టుకుంటే దురద ఎక్కువ.

గొయ్యి

కందకు నేల గుల్లగా ఉండాలి, నీరు దిగిపోవాలి. గోదావరి లంకల ఒండ్రు నేల దీనికి పుట్టినిల్లు. తెలంగాణలో చల్క అనే ఎర్ర ఇసుక నేలలు పశువుల ఎరువు దండిగా వేస్తే బాగానే పండిస్తాయి. నల్లరేగడిలో మాత్రం గొయ్యి తీస్తే వానాకాలంలో అది బావి అవుతుంది. అలాంటి చోట గొయ్యి తియ్యకుండా మట్టి, ఎరువు కలిపి అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, దాని మీద నాటండి.

మామూలు నేలల్లో రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి. ఒక గొయ్యి నడిమి నుంచి పక్క గొయ్యి నడిమికి మూడడుగులు. పదడుగుల చదరపు జాగాలో తొమ్మిది మొక్కలు పడతాయి, ఒక ఇంటికి ఏడాదంతటికీ ఎక్కువే. నాటడానికి వారం పది రోజుల ముందే తవ్వి, ఎండ తగలనివ్వండి. పైమట్టి ఒక పక్కన, అడుగు మట్టి ఇంకో పక్కన వెయ్యండి.

ఒక్కో గోతికి రెండు రెండున్నర కిలోల బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ళ వేపపిండి. పచ్చి పేడ వెయ్యకండి, వేడి పుట్టి ముక్క ఉడికిపోతుంది. ఎరువును పైమట్టితో కలిపి గొయ్యి ముప్పావు వంతు నింపి, ముక్కను నెత్తి పైకి ఉండేలా మధ్యలో కూర్చోబెట్టి, మిగతా మట్టి కప్పండి. ముక్క మీద నాలుగు వేళ్ళ మందం మట్టి ఉంటే చాలు. కాలితో తొక్కకండి, చేత్తో అదిమితే సరిపోతుంది.

ఇక ఆకులు కప్పడం. చాలామంది దీన్ని వదిలేస్తారు, నా లెక్కలో ఇది సగం పంట. ఎండుగడ్డి, కొబ్బరి మట్టలు, ఎండిన అరటి ఆకులు, ఏవి ఉంటే అవి అరడుగు మందాన కప్పండి. మే ఎండకు నేల కాలిపోకుండా ఉంటుంది, కలుపు రాదు, మొలక వచ్చేదాకా తేమ ఆరదు. కప్పాక ఒకసారి నీళ్ళు పెట్టి, తరువాత వారానికి ఒకసారి తడిపితే చాలు. రోజూ నీళ్ళు పొయ్యాలన్న ఆత్రం వస్తుంది, ఆపుకోండి. వేళ్ళు లేని ముక్క నీళ్ళు తాగలేదు, నానుతుంది అంతే.

మొలక

మూడో వారం నుంచి ఎదురుచూపు మొదలవుతుంది. మట్టి గోకి చూడాలనిపిస్తుంది. చూడకండి, లోపల కొస చాలా లేతగా ఉంటుంది, గోరు తగిలినా విరుగుతుంది.

వచ్చేటప్పుడు మాత్రం చూడదగ్గ దృశ్యం. లేత గులాబీ, తెలుపు కలిసిన పొరలు చుట్టుకుని, బల్లెం మొనలాంటిది గడ్డిని చీల్చుకుని లేస్తుంది. నాలుగైదు రోజుల్లో పొరలు ఊడి, మడత పెట్టిన గొడుగు బయటపడుతుంది. ఆ తరువాత ఒక ఉదయం వెళ్ళి చూస్తే గొడుగు తెరుచుకుని ఉంటుంది. కాడ మీద పాము ఒంటి మీద ఉన్నట్టు తెల్లటి మచ్చలు ఉంటాయి. కొత్తగా వేసినవాళ్ళు తెగులనుకుని మందు కొట్టడానికి సిద్ధపడతారు. అవి పుట్టుమచ్చలు, వదిలేయండి. నిజమైన తెగులు ఆకు మీద కనిపిస్తుంది. లేత పసుపు, ఆకుపచ్చ కలగలిసి ఆకు ముడతలు పడితే అది మొజాయిక్ వైరస్. మందు లేదు. ఆ దుంపను కూరకు వాడుకోండి, విత్తనానికి మాత్రం పెట్టుకోవద్దు.

ఒకే ముక్కకు రెండు మూడు మొలకలు వస్తే బలమైనది ఉంచి మిగతావి తీసెయ్యండి. లేకపోతే ఒక పెద్ద దుంప బదులు మూడు పిచ్చి దుంపలు వస్తాయి.

మొదటి పెద్ద వాన

రెండో రోజు ఇది. జూలైలోనో ఆగస్టులోనో ఒక రాత్రంతా కుండపోతగా కురుస్తుంది. తెల్లారి గొడుగు వేసుకుని పెరట్లోకి వెళ్ళండి. గోతులు కుంగి నీళ్ళు నిలిచి ఉంటాయి, ఎందుకంటే మనం నింపిన మట్టి ఇప్పుడే సర్దుకుంది. ఆ నీళ్ళు ఒక పూట ఉంటే ఫరవాలేదు. రెండు రోజులు నిలిస్తే మొదలు కుళ్ళు పట్టుకుంటుంది. అప్పటికప్పుడు పారతో చిన్న కాలువ తీసి నీటిని బయటికి పంపండి, వాన వెలిశాక మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసి చిన్న దిబ్బలా చెయ్యండి. కొత్త దుంపకు కావలసిన మట్టి కూడా ఆ పనితోనే అందుతుంది.

మొదలు కుళ్ళును ఎలా గుర్తుపట్టాలంటే, కాడ నేలను తాకే చోట గోధుమరంగు నీటి మచ్చ వస్తుంది. తరువాత అక్కడ దూదిలాంటి తెల్లటి పోగులు, వాటి మధ్య ఆవగింజల్లాంటి చిన్న గుండ్లు కనిపిస్తాయి. ఒకరోజు గొడుగు నిలబడి ఉండగానే పక్కకు ఒరిగిపోతుంది. ఒరిగాక చేసేది ఏమీ లేదు, మొదట్లోని మట్టితో సహా తీసి దూరంగా పారేయాలి. మచ్చ దశలోనే చూస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదలు తడిసేలా పోయండి. ట్రైకోడెర్మా, ఈ మందు ఒకేసారి వాడకండి. మందు మంచి శిలీంద్రాన్నీ చంపేస్తుంది. ఒరిగిన మొక్క ఉన్న గోతిలో వచ్చే ఏడు కంద వెయ్యకండి, ఆ ఆవగింజలు నేలలోనే ఏళ్ళ తరబడి బతికి ఉంటాయి.

పైఎరువు, కలుపు

రసాయన ఎరువులు వద్దనుకుంటే నాటిన 45 రోజులకు ఒకసారి, ఇంకో నెలకు మరోసారి, మొక్కకు రెండు కిలోల మాగిన ఎరువు, దోసెడు కట్టెల బూడిద చాలు. దుంప పంటలన్నీ పొటాష్ మీద బతుకుతాయి, బూడిదలో అది ఉంటుంది.

వాడతామనుకుంటే హెక్టారుకు 100 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం, 150 కిలోల పొటాష్ అనే సిఫారసును మొక్క లెక్కకు దించితే ఇలా వస్తుంది: గోతిలో నాటేటప్పుడు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 25 గ్రాములు, 45 రోజులకు యూరియా 9, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 10 గ్రాములు, మరో నెలకు మళ్ళీ అంతే. తొమ్మిది గ్రాములంటే రెండు చిన్న చెంచాలు. గుప్పెడు వేసేవాళ్ళను చూశాను, ఆకు ఏనుగు చెవంత అవుతుంది, దుంప మాత్రం నీరుపట్టి నిలవ ఉండదు.

మొలక రాకముందు గోతుల మధ్య ఖాళీలో అలసందలు చల్లవచ్చు. రెండు నెలల్లో కాయ కోసుకుని, మొక్కను పీకి అక్కడే కప్పితే పచ్చిరొట్ట ఎరువు. కలుపు చేత్తో పీకండి, మూడు నెలలు దాటాక గొడుగుల నీడకు అదే తగ్గిపోతుంది.

పువ్వు వస్తే

కొన్ని దుంపలు ఆకు బదులు పువ్వు తోస్తాయి. పోయినేడు తవ్వకుండా మరిచిపోయిన పెద్ద దుంపలకు ఇది మామూలు. తొలకరి రోజుల్లో నేలలోంచి ముదురు ఊదా రంగు గంట ఒకటి, మధ్యలో ఉబ్బిన గుబురుతో లేస్తుంది. ఏటా ఏదో ఒక ఊళ్ళో దీన్ని వింత పువ్వంటూ జనం గుమిగూడుతూనే ఉంటారు. దగ్గరికి వెళితే వింత తెలిసిపోతుంది, చచ్చిన ఎలుక వాసన. ఈగలనూ పేడ పురుగులనూ పిలవడానికి అది చేసే ఏర్పాటు. రెండు రోజుల్లో వాసన తగ్గుతుంది. ముచ్చట తీరాక కోసెయ్యండి, లేకపోతే దుంపలోని సత్తువంతా దానికే పోతుంది. కోశాక చాలాసార్లు పక్కనుంచి ఆకు వస్తుంది.

మేడ మీద

కనీసం అడుగున్నర లోతు, అంతే వెడల్పు ఉన్న తొట్టె కావాలి. పాత నీళ్ళ డ్రమ్ము సగానికి కోస్తే సరిగ్గా సరిపోతుంది. 50 కిలోల బియ్యం గోనె కూడా చాలు. అడుగున చిల్లులు పెద్దవిగా ఉండాలి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. తొట్టెకు ఒక్క ముక్కే. సగం వరకే మట్టి నింపి నాటి, ఆకు లేచాక మిగతాది నింపుతూ పోండి. గాలి ఎక్కువగా వీచే మేడ మీద కాడ విరుగుతుంది, గోడ వారగా పెట్టండి. కాస్త నీడ పడినా కందకు అభ్యంతరం లేదు, కొబ్బరి నీడలో పెరిగే అలవాటే కదా.

అమెరికాలోనో ఇంకెక్కడో చలిదేశంలో ఉన్నవాళ్ళు కూడా ఇలా తొట్టెలో పెంచవచ్చు. మంచు పడేలోపు ఆకు వాడిపోతే తొట్టెను ఇంట్లోకి తెచ్చి, నీళ్ళు మానేసి, వసంతం దాకా పొడిగా ఉంచాలి. దుకాణంలో గడ్డకట్టించి అమ్మే కంద ముక్కలు మాత్రం మొలవవు.

తవ్వడం

నవంబరు, డిసెంబరుల్లో ఆకు పసుపు తిరిగి, కాడ మెత్తబడి, నేల మీద వాలిపోతుంది. చచ్చిపోయిందని బెంగపడవద్దు, పంట పూర్తయిందని చెప్పడం అది. అప్పుడు నీళ్ళు ఆపెయ్యండి. రెండు మూడు వారాలు ఆగితే దుంప తోలు గట్టిపడుతుంది. పచ్చి ఆకు ఉండగా తవ్విన కంద నీళ్ళ నీళ్ళగా ఉంటుంది, దురదా ఎక్కువే. ఎలుకలు, పందికొక్కులు తిరిగే పెరడైతే మాత్రం మరీ ఆలస్యం చెయ్యకండి.

గునపం మొక్క మొదట్లో దించకండి. అడుగున్నర దూరంలో చుట్టూ మట్టి వదులు చేసి, చివర చేతులతో తియ్యండి. గునపం గుచ్చుకున్న దుంపను ముందుగా వండుకోవాలి, అది నిలవుండదు. అంటిన మట్టి చేత్తో దులపండి, కడగవద్దు. నీడలో, గాలి ఆడే చోట, పొడి ఇసుక మీద ఒక వరసగా పరచండి. ఒకదాని మీద ఒకటి పేర్చితే అడుగువి కుళ్ళుతాయి. అందులో బాగా గుండ్రంగా, గాయం లేకుండా, నెత్తి గుంట శుభ్రంగా ఉన్నవి రెండు మూడు పక్కన పెట్టండి. వచ్చే ఏడు విత్తనం కొననక్కరలేదు.

కత్తిపీట దగ్గర

ఇప్పుడు దురద సంగతి. కందలో సూదుల్లాంటి సన్నని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అవి చర్మంలో, గొంతులో గుచ్చుకుంటేనే దురద. గజేంద్రలో తక్కువ గానీ బొత్తిగా లేవని కాదు. చెక్కు తియ్యకముందు దుంపను తడపకండి. చేతికి నూనె రాసుకుని, మందంగా చెక్కు తీసి, ముక్కలు కోశాక అప్పుడు కడగండి. ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దు. చెయ్యి దురదపెడితే చింతపండు గుజ్జుతో రుద్ది కడిగితే తగ్గుతుంది.

ముక్కలను చింతపండు పులుసు, పసుపు, ఉప్పు వేసిన నీళ్ళలో పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించి, ఆ నీళ్ళు పారబొయ్యండి. సగం ఉడికిన కంద గొంతు పట్టుకుంటుంది, వేపుడు చేసినా ముందు ఉడికించాల్సిందే. మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు వైద్యుణ్ణి అడిగి తినడం మంచిది. తిన్నాక నాలుకో పెదవులో వాచినా, ఊపిరి అందకపోయినా చిట్కాలు వెతుక్కుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

కందకు లేని దురద బచ్చలికెందుకు అన్నారు పెద్దలు, కానీ ఈ రెండింటినీ ఒక గిన్నెలో కలిపిందీ వాళ్ళే. కంద గోతి గట్టున రెండు బచ్చలి తీగలు పాకించుకుంటే జనవరికి రెండూ అందుతాయి. ఉడికిన కందను గరిటెతో కాస్త మెదిపి, విడిగా మగ్గించిన బచ్చలి ఆకు, చిక్కటి చింతపండు రసం కలిపి దగ్గరకు రానివ్వండి. సెనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు. చివర ఆవాలు, పచ్చిమిర్చి నూరిన ముద్ద. కూర దించి, వేడి కాస్త తగ్గాక కలపండి. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది.